గడియ, గంట, అవధానం: బోరబండ రైలుమార్గం వెంట కాలస్పృహ చరిత్ర

వ్యాససంగ్రహం

ఏకకాలంలో అనేక పనులు చేసే మనిషికి కాలం ఎలా తోస్తుందన్నది మనోవిజ్ఞానశాస్త్రంలో ఒక ప్రధానప్రశ్న. దీనికి సామాజికచరిత్ర కూడా ఉంది. కాలాన్ని గమనించే బాధ్యత ఏయే కాలాలలో ఎవరిమీద ఉంది, ఆ బాధ్యత మనిషి ధ్యాసను ఎలా పంచింది అన్నవి ఆ చరిత్రలోని ముఖ్యాంశాలు. హైదరాబాద్‌లోని బోరబండ, దాని పొరుగు ప్రాంతాలను కలిపే రైలుమార్గాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ పరిణామాన్ని పరిశీలిస్తుంది. తెలుగువారి అవధానవిద్యలోని ఘంటాగణనాన్ని, ఖగోళవేధశాలల కాలగణనపద్ధతిని, ఆధునిక ప్రయోగఫలితాలను పక్కపక్కన ఉంచి, అవధానానికీ నేటి కార్యాలయాల బహుళకార్యనిర్వహణకూ మధ్య ఉన్న భేదాన్ని నిర్ణయించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: కాలస్పృహ, అవధానం, బహుళకార్యనిర్వహణ, ఘంటాగణనం, బోరబండ, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'అవధానం' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సంస్కృతం నుంచి వచ్చిన మూలార్థం: ఏకాగ్రత, మనసు నిలపడం. మనోవిజ్ఞానశాస్త్ర గ్రంథాలు ఈ మాటను ఆ అర్థంలోనే వాడుతున్నాయి. రెండవది సాహిత్యరంగంలో స్థిరపడిన అర్థం: పలువురు పృచ్ఛకులు అడిగేవాటిని ఒకే సభలో నిర్వహించే విద్య. ఒకదానిమీద మనసు నిలపడాన్ని చెప్పే పదమే అనేక విషయాలను నిర్వహించే ప్రక్రియకు పేరు కావడం ఆలోచింపదగిన విషయం. సమాచారసాంకేతికరంగం విస్తరించిన తరువాత 'అవధానం అంటే మన పూర్వికుల మల్టీటాస్కింగ్' అన్న మాట ఉపన్యాసాలలో తరచు వినిపిస్తోంది. ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించాలంటే రెండింటిలోనూ కాలం పాత్రను చూడాలి.

ఈ పరిశీలనకు బోరబండ అనువైన స్థలం. సికిందరాబాదు నుంచి వాడి వెళ్లే రైలుమార్గంలో భరత్‌నగర్, హైటెక్‌సిటీ స్టేషన్ల మధ్య బోరబండ స్టేషన్ ఉంది. ఈ దారిలోనే తూర్పున వేధశాల వెలసిన బేగంపేట, కర్మాగారాల సనత్‌నగర్, పడమట సాఫ్ట్‌వేర్ సంస్థల హైటెక్‌సిటీ వస్తాయి. కాలస్పృహ చరిత్రలోని వేర్వేరు దశలు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కనిపిస్తాయి.

2. గడియ: ఒకరి ధ్యాస, అందరి కాలం

యంత్రగడియారాలకు పూర్వం అహోరాత్రాన్ని 60 ఘటికలుగా లెక్కించేవారు. ఘటికే తెలుగులో గడియ. నేటి లెక్కలో 24 నిమిషాలు. గడియకు 60 విఘటికలు. అడుగున సన్నని రంధ్రమున్న రాగిపాత్రను నీటిలో తేల్చి, అది నిండి మునిగిన ప్రతిసారీ ఒక గడియ గడిచినట్లు గుర్తించే ఘటికాయంత్రాన్ని సూర్యసిద్ధాంతం వర్ణించింది. మునిగిన వెంటనే కంచుపలకను మోగించే ఉద్యోగుల ప్రస్తావన బాబరు స్మృతులలో ఉంది. నేటి 'గడియారం' అన్న మాటలోనూ గడియ నిలిచే ఉంది.

ఈ ఏర్పాటులో గమనించవలసినది శ్రమవిభజన. పాత్ర మునగడాన్ని కనిపెట్టుకొని ఉండటం ఒకరి పని. అతని ధ్యాస కాలానికే అంకితం. మిగిలినవారు చెవిన పడిన మోతను బట్టి వేళ తెలుసుకొని తమ పనిలోనే ఉండిపోయేవారు. పల్లెల్లో ఆ మోత కూడా అవసరం లేదు. 'కోడి కూసే జాము', 'బారెడు పొద్దెక్కింది', 'దీపాలు పెట్టే వేళ' వంటి మాటలలో కాలం ప్రకృతితోనో, పనితోనో కలిసే ఉంటుంది. పనిని బట్టి సాగే ఈ కాలానికీ గడియారాన్ని బట్టి సాగే పనికీ గల భేదాన్ని చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధవ్యాసంలో ఇంగ్లండు పారిశ్రామికచరిత్ర ఆధారంగా వివరించారు.

సూక్ష్మకాలానికి శాస్త్రకారులు తీసుకున్న కొలమానం మరింత ఆసక్తికరం. ఆర్యభటీయం ప్రకారం 60 గురువక్షరాలను ఉచ్చరించే కాలం ఒక వినాడిక. అది ఆరు ప్రాణాలకు, అంటే ఆరు శ్వాసలకు సమానం. వినాడిక 24 సెకండ్లు గనుక ఒక గురువుకు పట్టేది సెకండులో పదింట నాలుగు వంతులు. ఛందస్సులో పద్యాన్ని కొలిచే గురువే జ్యోతిషంలో కాలాన్నీ కొలిచిందన్నమాట. ఉచ్చారణ, శ్వాస, కాలం ఒకే కొలతలో ఒదిగిన ఈ సంప్రదాయంలో పద్యధారణ చేసే అవధాని కాలానికి దూరంగా లేడు.

3. రైలు, సైరను: కాలాన్ని కనిపెట్టుకొని ఉండటం

1874లో వాడి–సికిందరాబాదు రైలుమార్గం ప్రారంభమైంది. బొంబాయి–రాయచూరు మార్గంలోని వాడి ద్వారా నిజాం రాజధాని వెలుపలి రైలువ్యవస్థతో కలిసింది. అప్పటి భారతీయ రైల్వేలు మద్రాసు కాలాన్ని పాటించేవి. రేఖాంశాన్ని బట్టి మద్రాసు సూర్యుడికి హైదరాబాద్ సూర్యుడు సుమారు 7 నిమిషాలు వెనక. 1906 జనవరి 1న బ్రిటిష్ ఇండియాలో 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా ప్రామాణికకాలం అమలులోకి వచ్చింది. కలకత్తా, బొంబాయి నగరాలలో స్థానికకాలం ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు కొనసాగింది. ప్రామాణికకాలంతో పోలిస్తే హైదరాబాద్ సూర్యుడు దాదాపు 16 నిమిషాలు వెనక. అంటే గడియారం 12 చూపినప్పుడు నగరంలో మిట్టమధ్యాహ్నం కావడానికి సగటున ఇంకా పావుగంట ఉంటుంది.

నగరంలో బహిరంగగడియారాలు వెలసినదీ ఈ కాలంలోనే. చార్మినార్‌కు నాలుగువైపులా గడియారాలు 1889లో అమర్చారు. మహబూబ్‌చౌక్ గడియారస్తంభం 1892లోనూ, సికిందరాబాదు గడియారస్తంభం 1897లోనూ వచ్చాయి. గడియ మోగించేవాడు చెప్పే కాలాన్ని చెవి వినేది. గడియారస్తంభం చెప్పే కాలాన్ని కన్ను వెతుక్కోవాలి. రైలు అందుకోవాలనుకున్నవాడు కొంతసేపైనా కాలాన్ని స్వయంగా కనిపెట్టుకొని ఉండక తప్పదు. అయినా ఆ బాధ్యత ప్రయాణం వేళకే పరిమితం.

కర్మాగారం ఈ బాధ్యతను రోజంతటికీ విస్తరింపజేసింది. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో ప్రధానసంస్థ హైదరాబాద్ ఆల్విన్. 1942లో మొదలైన ఈ సంస్థ రిఫ్రిజిరేటర్లతో, బస్సుల బాడీలతో పేరు పొందింది. 1980లలో జపాన్ సంస్థ సీకో సాంకేతికసహకారంతో చేతిగడియారాలనూ తయారుచేసింది. షిఫ్టుల క్రమంలో బతికిన కార్మికవాడల పొరుగునే ఒక తెలుగు సంస్థ చేతిగడియారాన్ని ఇంటింటి వస్తువుగా మార్చడంలో పాలుపంచుకున్నది. షిఫ్టు సైరను పనికి ఆది, అంతం చెప్పేది. ఆ రెండింటి నడుమ కార్మికుని చూపు యంత్రం మీదే గాని గడియారం మీద కాదు.

4. ఘంటాగణనం: వేధశాలలో, అవధానసభలో

కాలాన్ని లెక్కపెట్టడమే ఇతర పనులతో పాటు చేయవలసిన ఒక పని అయినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మొదట ఖగోళశాస్త్రంలో తలెత్తింది. పూర్వం నక్షత్రగమనాన్ని 'కన్ను–చెవి' పద్ధతిలో నమోదు చేసేవారు. పరిశీలకుడు గడియారం చూసి వేళ గుర్తుపెట్టుకొని, దూరదర్శినిలో చూపు నిలిపి, చెవితో గడియారపు టిక్కులను లెక్కిస్తూ, దృశ్యంలోని తీగను నక్షత్రం ఏ క్షణంలో దాటిందో సెకండులో పదో వంతు వరకు అంచనా వేయాలి. గ్రీనిచ్ వేధశాలలో సహాయకుడు డేవిడ్ కినెబ్రూక్ నమోదులు తన నమోదుల కన్నా సుమారు 0.8 సెకండ్లు ఆలస్యంగా ఉన్నాయని అధిపతి నెవిల్ మాస్కెలిన్ గుర్తించి, 1796లో అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించాడు. జర్మన్ ఖగోళవేత్త బెసెల్ ఆ నివేదికను చదివి, అనుభవజ్ఞుల మధ్య కూడా ఇటువంటి స్థిరమైన తేడాలుంటాయని 1820లలో నిరూపించాడు. దీనికే 'వ్యక్తిగత సమీకరణం' అని పేరు వచ్చింది. సహాయకుడి అలసత్వంగా తోచిన తేడా మానవుని అవధానస్వభావంలోనే ఉన్నదని తేలింది. అప్పటికి కినెబ్రూక్ ఉద్యోగం పోయి పాతికేళ్లు దాటింది.

కన్ను, చెవి అందించే రెండు సంకేతాలలో అవధానం దేనిమీద ఉంటే అది ముందుగా జరిగినట్లు తోస్తుందన్న సూత్రాన్ని, వుంట్ ప్రయోగాల నేపథ్యంలో, 1908లో టిచెనర్ సూత్రీకరించాడు. అదే సంవత్సరంలో హైదరాబాద్‌లో, నవాబ్ జఫర్‌జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల ప్రభుత్వాధీనమైంది. బేగంపేటలో స్థిరపడిన ఆ వేధశాల నక్షత్రాలను ఛాయాచిత్రాల ద్వారా నమోదు చేసే అంతర్జాతీయ ప్రణాళికలో పాల్గొన్నది. ఫలకం మీది చిత్రాన్ని తీరికగా కొలిచే పద్ధతిలో చూపునూ వినికిడినీ ఒకే క్షణంలో జతపరచే భారం పరిశీలకుడికి ఉండదు. మనిషి ధ్యాసకున్న హద్దును గుర్తించి పనితీరును మార్చుకున్న సందర్భమిది.

అవధానసభలో ఈ సమస్యే విద్యాప్రదర్శన అయింది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మాడభూషి వేంకటాచార్యులు, ఆ తరువాత తిరుపతి వేంకటకవులు ఈ ప్రక్రియకు ఆధునికరూపాన్నీ జనాదరణనూ కల్పించారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (జ. 1872), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఇద్దరూ గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల ఆదరణ పొందారు. నిజాం రాజ్యంలోని ఈ సంస్థానాలు అవధానవికాసానికి దోహదం చేశాయి. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, ఆశువు వంటి అంశాలు పద్యరచనకు సంబంధించినవి. అప్రస్తుతప్రసంగి పని అవధాని ధ్యాసను చెదరగొట్టడం. ఘంటాగణనంలో పృచ్ఛకుడు నియమం లేని వ్యవధులలో గంట మోగిస్తూ ఉంటే, అవధాని పద్యాలు చెబుతూనే ఆ సంఖ్యను మనసులో నిలుపుకొని చివర చెప్పాలి.

గ్రీనిచ్ సహాయకుడూ అవధాని కూడా చెవితో లెక్కిస్తూ మనసుతో మరో పని చేసినవారే. తేడా గంట స్వభావంలో ఉంది. గడియారపు టిక్కు సమవ్యవధులలో వస్తుంది, దానికి కాలాన్ని కొలిచే గుణముంది. పృచ్ఛకుని గంట విషమవ్యవధులలో వస్తుంది. అవధాని లెక్కించేది కాలాన్ని కాదు, సంఘటనలను. వ్యవధిని అంచనా వేయవలసిన భారం అతనిపై లేదు.

5. ప్రయోగాలు చెప్పినది

అనుభవాలతో నిండిన కాలం గడిచేటప్పుడు పొట్టిగా, వెనక్కి తిరిగి చూస్తే పొడుగ్గా తోస్తుందనీ, ఖాళీగా గడిచిన కాలం దీనికి విరుద్ధంగా ఉంటుందనీ విలియం జేమ్స్ 1890 నాటి మనస్తత్త్వశాస్త్రగ్రంథంలో పేర్కొన్నాడు. 'పనిలో పడి పొద్దు తెలియలేదు', 'ఊరికే కూర్చుంటే పొద్దు గడవదు' అన్న తెలుగు వాడుకలలో ఈ పరిశీలన మొదటి సగం ఉంది.

20వ శతాబ్ది ప్రయోగాలు రెండు స్థితులను వేరుచేశాయి. కాలాన్ని అంచనా వేయాలని ముందే తెలిసి పని చేయడం ఒకటి. పని ముగిశాక హఠాత్తుగా అడిగితే చెప్పడం మరొకటి. 1976లో హిక్స్, మిల్లర్, కిన్స్‌బోర్న్ పేకముక్కలను వర్గీకరించే పనితో ప్రయోగం చేశారు. ముందే తెలిసినవారిలో పని కష్టమైనకొద్దీ కాలపు అంచనా తగ్గింది. ముందు తెలియనివారిలో అటువంటి తగ్గుదల కనిపించలేదు. బ్లాక్, జకాయ్ 1990లలో ప్రతిపాదించిన 'అవధానద్వారం' నమూనా దీన్ని వివరిస్తుంది. మనసులోని కాలస్పందనలు లెక్కకు చేరాలంటే అవధానం అనే ద్వారం తెరచి ఉండాలి. ధ్యాస వేరే పనికి మళ్లితే ద్వారం ఇరుకై తక్కువ స్పందనలు లోనికి వెళతాయి. కాలం తక్కువైనట్లు తోస్తుంది. బ్లాక్, హాన్‌కాక్, జకాయ్ 2010లో 117 ప్రయోగాలను కలిపి విశ్లేషించి, మనోభారం పెరిగితే ముందే తెలిసిన స్థితిలో అంచనా తగ్గుతుందనీ, వెనక్కి చూసే స్థితిలో పెరుగుతుందనీ తేల్చారు. రెండవ స్థితిలో అంచనాకు ఆధారం జ్ఞాపకం. మనసులో మిగిలిన మార్పులు ఎన్ని ఎక్కువైతే కాలం అంత దీర్ఘంగా తోస్తుంది.

ఒకేసారి అనేక పనులన్న భావన కూడా ప్రయోగాలలో నిలవలేదు. అలవాటై అప్రయత్నంగా సాగేవాటిని మినహాయిస్తే, నిర్ణయం అవసరమైన రెండు పనులను మనసు వంతులవారీగానే చేస్తుంది. ఒక పని నుంచి మరో పనికి మళ్లిన ప్రతిసారీ కొంత కాలం వ్యయమవుతుందని జెర్సిల్డ్ 1927లోనే చూపాడు. చరిత్రలో 'మల్టీటాస్కింగ్' అన్న మాట కూడా 1960లలో కంప్యూటర్ల వర్ణనగానే పుట్టి తరువాత మనుషులకు అంటుకున్నది. ఒకే ప్రాసెసర్ పనుల మధ్య వేగంగా మారుతూ అన్నీ ఒకేసారి చేస్తున్న భ్రమ కలిగిస్తుంది. మళ్లేటప్పుడు పాత పని స్థితిని పూర్తిగా భద్రపరచుకోవడం యంత్రానికి చేతనవును. మనిషికి అది అంత సులభం కాదు.

6. సైబరాబాద్: పనిలోకి చొచ్చుకువచ్చిన గడియారం

1998 నవంబరులో ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలై, 1874 నాటి మార్గం నగర ఉద్యోగుల రోజువారీ దారి అయింది. బోరబండ నుంచి హైటెక్‌సిటీ ఒక్క స్టేషన్ దూరం. ఆ కొద్ది దూరంలో మారేది స్థలం మాత్రమే కాదు; పని అనుసరించే సూర్యుడు కూడా మారతాడు. న్యూయార్కులో ఉదయం 9 గంటలంటే హైదరాబాద్‌లో వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. భారతదేశంలో గడియారాన్ని ముందుకు జరిపే పద్ధతి లేకపోయినా అమెరికాలో జరిపినప్పుడల్లా ఇక్కడి షిఫ్టు గంట మారుతుంది. ఆ షిఫ్టును బట్టి ఉద్యోగి నిద్రవేళ, కారు నడిపే డ్రైవరు రాత్రి, వంటగదిలో పొయ్యి వెలిగే వేళ కూడా మారతాయి. రైలు తెచ్చిన 7 నిమిషాల తేడాతో మొదలైన ప్రయాణం తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడా దాకా వచ్చింది.

అంతకన్నా ముఖ్యమైన మార్పు గడియారం ఉన్న చోటు. కాల్‌సెంటర్‌లో ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం పనితీరుకు కొలమానం. సాఫ్ట్‌వేర్ నిర్వహణలో ఒక్కో సమస్యను ఇన్ని గంటల్లో పరిష్కరించాలన్న ఒప్పందం తెర మీదే లెక్క చూపుతుంది. ఇంటింటికీ ఆహారం చేర్చే యువకుడి ఫోనులో దారి, ఆర్డరు, మిగిలిన నిమిషాలు ఒకే తెర మీద ఉంటాయి. సైరను పనికి వెలుపల ఉండేది. ఈ గడియారం పని లోపలే ఉంది. కాలాన్ని కనిపెట్టుకొని ఉండటం మిగతా పనులతో పాటు నిరంతరం చేయవలసిన మరో పని అయింది. రోడ్డు మీద ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఫోనులో సంభాషిస్తూ నడిపినవారు రోడ్డు సంకేతాలను రెట్టింపు సంఖ్యలో గమనించలేకపోయారని స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001లో నమూనా డ్రైవింగ్ ప్రయోగంలో చూపారు.

7. పోలికకు హద్దులు

ఈ నేపథ్యంలో అవధానాన్నీ నేటి బహుళకార్యనిర్వహణనూ పోల్చితే మూడు భేదాలు స్పష్టమవుతాయి.

మొదటిది క్రమం. అష్టావధానం సాధారణంగా నాలుగు ఆవృత్తులలో సాగుతుంది. ఒక్కో ఆవృత్తిలో పృచ్ఛకుడికి పద్యంలో ఒక్కో పాదం చెప్పి అవధాని తరువాతి పృచ్ఛకుని వైపు తిరుగుతాడు. అంటే అతను పనులను ఒకేసారి చేయడం లేదు; ఛందస్సు నిర్ణయించిన హద్దు దగ్గర పని మారుస్తున్నాడు. పాదం పూర్తయ్యాకే మళ్లుతాడు గనుక వదిలిన పని ఒక నిలకడైన స్థితిలో ఉంటుంది. కార్యాలయంలో అంతరాయం వాక్యం మధ్యలో కూడా వస్తుంది. అవధానసభలో ఆ స్వేచ్ఛ ఉన్నది అప్రస్తుతప్రసంగికి ఒక్కడికే, అతనూ సభామర్యాదకు లోబడినవాడే.

రెండవది ధారణ. సభ చివర అవధాని పద్యాలన్నింటినీ వరుసగా అప్పగిస్తాడు. ముక్కలుగా గడిచిన కాలం అక్కడ తిరిగి ఒక్కటవుతుంది. జేమ్స్ చెప్పిన 'వెనక్కి చూసే కాలాన్ని' సభ అధికారికంగా కల్పిస్తున్నదన్నమాట. నేటి పనిదినానికి ధారణ లేదు. 'క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు' అన్న సామెత ఇక్కడ సంపాదనకే కాక జ్ఞాపకానికి కూడా వర్తిస్తుంది.

మూడవది గణన ఎవరి కోసమన్నది. ఘంటాగణనంలో లెక్క తప్పితే పోయేది ఒక సభలోని కీర్తి. కార్యాలయంలో తన పనిగంటల పట్టికను ఉద్యోగి తానే నింపవలసిన చోట జీతం, శ్రమ విలువ ఆ లెక్కతో ముడిపడి ఉంటాయి. ప్రయోగాలు ప్రధానంగా సెకండ్లు, నిమిషాల వ్యవధులలో జరిగినవి గనుక వాటి ఫలితాలను ఎనిమిది గంటల పనిదినానికి యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. అయినా వాటి సూచన స్పష్టం. పనిభారం ఎక్కువైనప్పుడు పని సాగుతుండగా వేసే అంచనా తగ్గే అవకాశముంది. అప్పుడు ఎక్కువ శ్రమించినవారే తమ కాలాన్ని తక్కువగా చెప్పుకునే ప్రమాదముంది. మరోవైపు యంత్రపు లెక్కకూ మనిషి అంచనాకూ తేడా వచ్చినంత మాత్రాన దాన్ని అలసత్వంగా భావిస్తే, కినెబ్రూక్ విషయంలో జరిగిన అన్యాయం పునరావృతమవుతుంది.

8. ముగింపు

బోరబండ రైలుమార్గం వెంట కనిపించే దశలు ఒక క్రమాన్ని సూచిస్తున్నాయి. గడియల కాలంలో ఒకరు కాలాన్ని కనిపెట్టుకొని ఉంటే ఊరంతా తన పనిలో ఉండగలిగింది. రైలు ఆ బాధ్యతను ప్రయాణికుడికి కొంతసేపు, కర్మాగారం షిఫ్టు హద్దుల దగ్గర కార్మికుడికి అప్పగించాయి. సైబరాబాద్ దశలో అది ప్రతివ్యక్తి ధ్యాసలో శాశ్వతభాగమైంది. కాబట్టి కాలస్పృహ చరిత్రను గడియారాల కచ్చితత్వం పెరిగిన చరిత్రగా మాత్రమే కాక, కాలాన్ని గమనించే శ్రమ చేతులు మారిన చరిత్రగా కూడా చదవాలి.

అవధానాన్ని మల్టీటాస్కింగ్‌కు పూర్వరూపంగా కీర్తించడం ఆ విద్యకు న్యాయం చేయదు. అవధానం సాధించినది పనుల సంఖ్యను పెంచడం కాదు. వాటి మధ్య హద్దులనూ వంతులనూ చివరన ధారణనూ ఏర్పరచడం. సాధన చేసిన అవధానికే సభ ఇన్ని మర్యాదలు కల్పించినప్పుడు, సాధనతో పనిలేకుండా రోజంతా గంటలు లెక్కించమని సాధారణ ఉద్యోగిని కోరే వ్యవస్థ కూడా అటువంటి మర్యాదలను ఏర్పరచుకోవలసి ఉంటుంది. అవధానసాహిత్యం మీద పరిశోధించేవారు పద్యాలతో పాటు ఆవృత్తుల నిర్మాణం, వ్యవధులు, ధారణాక్రమం వంటి కాలసంబంధమైన అంశాలను నమోదు చేస్తే సాహిత్యచరిత్రకూ మనోవిజ్ఞానశాస్త్రానికీ ఉపకరించే సామగ్రి సమకూరుతుంది.